బేస్‌మెంట్ బిల్లు ఎక్కడికి పోయిందంటే

తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైన అక్కలందరికీ ముందు ఒక మాట. ముగ్గు పోయకముందే మీ ఆధార్ ఏ బ్యాంకుకు లింకై ఉందో చూసుకోండి. ఆఫీసులో ఇచ్చిన పాస్‌బుక్ జిరాక్స్‌ను నమ్ముకొని కూర్చోకండి. నా గండం ఈ సోమవారమే గడిచింది, కడుపుమంట మాత్రం ఇంకా చల్లారలేదు.

దరఖాస్తు దగ్గర కష్టమేమీ లేదు. 2023 డిసెంబరు ఆఖర్లో సర్కారు దరఖాస్తులు తీసుకున్న ప్రజాపాలన సభలో ఇచ్చాం, 2025 జనవరి గ్రామసభలో పేరు చదివారు. సొంత జాగా ఉంది, పక్కా ఇల్లు లేదు కాబట్టి ఎల్-1 జాబితా. పంచాయతీ కార్యదర్శి సార్ వచ్చి పాత పెంకుటింటి ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీసుకొని పోయారు. ఇసుక ఉచితం, ట్రాక్టర్ కిరాయి మాత్రం మనదే.

కొలతల దగ్గర మేస్త్రీ "ఇంకో రెండడుగులు జరుపుదామమ్మా, వరండా మంచిగొస్తది" అన్నాడు. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆపుతారని నాకు తెలుసు. బ్లౌజులు కుట్టే చేయి, టేపు పట్టడం నాకు ఒకరు నేర్పాలా? దగ్గరుండి కొలిపించాను. ఏఈ (ఇంజినీరు) సార్ వచ్చి కొలిస్తే వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

5 లక్షలు ఒక్కసారి ఇవ్వరు. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలకు లక్షా పాతిక వేలు, స్లాబుకు లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా అయ్యాక లక్ష. సోమవారం సోమవారం వేస్తారు. మా బేస్‌మెంట్ ఫోటో ఎక్కింది, సోమవారం వచ్చింది, పోయింది. పాస్‌బుక్ ప్రింటు కొట్టిస్తే పొదుపు సంఘం కిస్తీ కోత తప్ప ఏమీ లేదు.

మండల ఆఫీసుకు పోతే "నీకు పడ్డయి కదమ్మా" అన్నారు. కంప్యూటర్ తిప్పి చూపించారు, నా పేరు పక్కన పేమెంట్ సక్సెస్ అని ఉంది. బ్యాంకుకు పోతే "మా దగ్గరికి రాలేదు, వాళ్లనే అడుగు" అన్నారు. మళ్లీ ఆఫీసు, మళ్లీ బ్యాంకు. చివరికి ఆఫీసులో ఒకాయన, వరుసలో మా ఊరివాళ్లే నిలబడి ఉండగా, "వాడుకొని మళ్ల అడుగుతున్నవా ఏంది? మీ ఆయన తీసిండేమో అడుగు" అన్నాడు. మా ఆయన ఆటో బయట పెట్టి నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. అటు సిమెంటు షాపువాడు అప్పు కోసం ఇంటికే వస్తున్నాడు. ఊళ్లో చెప్పుకుందామంటే అప్పుడు సర్పంచే లేడు, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా స్పెషల్ ఆఫీసర్ పాలనే. ఆయన ఎలా ఉంటాడో కూడా మా వాడలో ఎవరూ చూడలేదు.

గుట్టు విప్పింది పక్కింటి డిగ్రీ పిల్ల. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అంటే మన ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడిందో చూపేది, ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. తెరిస్తే నేను ఎన్నడూ ఖాతా తెరవని ఒక పేమెంట్స్ బ్యాంకు పేరు కనిపించింది! ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు షాపులో "ఇంకోసారి వేలు పెట్టమ్మా, సరిగ్గా పడలే" అన్నారు. ఆ రెండో వేలిముద్రతో ఖాతా తెరిచేశారు. ఇందిరమ్మ డబ్బులు ఇప్పుడు ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్ చూసి వేస్తున్నారు. ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉంటే అక్కడికే పోతాయి. మా బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చాను కదా అంటే, అది కేవైసీకి, అంటే మనిషి గుర్తింపుకు మాత్రమేనట, సీడింగ్‌కు వేరే ఫారమట. రానేలేదని నేను తిట్టుకున్న గ్యాస్ సబ్సిడీ కూడా అందులోనే మూలుగుతోంది.

తీసుకుందామంటే ఆ ఖాతాకు ఉన్న నంబరు ఆ పాత సిమ్‌దే, అది ఎప్పుడో మూలపడింది. ఇక వేలిముద్రే గతి. అదీ ఒక్కసారికి 10,000 మించి రాదు. నీళ్లు కొట్టీ కొట్టీ అరిగిపోయిన వేళ్లు మిషన్ మీద పడవు. వాజిలైన్ రాసి, తుడిచి, మళ్లీ పెట్టి, ఎన్ని తిప్పలో. ప్రతిసారీ వేలిముద్ర తీసుకొని డబ్బులిచ్చే కౌంటర్ అతను వందో, రెండు వందలో పట్టుకున్నాడు.

మా బ్యాంకులో సీడింగ్ ఫారం నింపి ఇచ్చి, వెబ్‌సైట్‌లో బ్యాంకు పేరు మారేదాకా గోడల బిల్లుకు ఫోటో ఎక్కించనివ్వలేదు. పేమెంట్స్ బ్యాంకులో 2 లక్షలకు మించి ఉంచరాదట. లక్ష మీద లక్షా పాతిక పడితే ఏమయ్యేదో! ముగ్గు పోసే రోజు కార్యదర్శి చేతిలో ఫోన్ ఉండనే ఉంది. ఇంటి ఫోటోతో పాటు ఈ ఒక్కటి చూస్తే ఏం పోతుంది? కోట్లు పంచే సర్కారుకు రెండు నిమిషాలు బరువా? మా వాడలో మిగతావాళ్లకు నేనే కుట్టు మిషన్ దగ్గర కూర్చోబెట్టి చూశాను, ఇద్దరికి ఇదే కథ.

ఈ సోమవారం లక్షా పాతిక వేలు సరైన ఖాతాలోనే పడ్డాయి. సిమెంటు షాపు బాకీ తీర్చేశాం. ఆ కౌంటర్ అతను పట్టుకున్న డబ్బుల మీద మాత్రం ఫిర్యాదు కాగితం రాసి ఇచ్చాను, రసీదు కూడా అడిగి తీసుకున్నాను.