అమ్మ ఎండ లెక్క

జూన్ 15 వచ్చిందంటే దుబాయ్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. సెప్టెంబర్ 15 దాకా అదే రూలు. ఆ టైమ్‌లో సైటు షెడ్డులో అట్టపెట్టెలు పరుచుకుని నడుం వాలిస్తే నాకు బరంపురంలో మా వాకిలి గుర్తొస్తుంది. అమ్మ దగ్గర ఈ రూలు ఎప్పట్నుంచో ఉంది. కాకపోతే అది అప్పడాలకే, తనకి కాదు.

మినప అప్పడం ఎర్రటి ఎండలో ఉంటే అంచులు లేచి విరిగిపోతుంది. తడి మిగిలితే బూజు పడుతుంది. అందుకే పొద్దుటెండ తగలనిచ్చి, ఎండ ముదిరేలోపు చాపతో సహా వసారాలోకి లాగేసేది. అప్పడాలు నీడకి చేరాక తను మళ్లీ రోలు దగ్గరికి.

బరంపురం అంటే బయటివాళ్లకి పట్టుచీరలే. ఊళ్లోవాళ్లని అడగండి, అప్పడాలు, ఊరగాయలు కూడా చెబుతారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. మా వీధిలో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బేరం దగ్గర ఏది పడితే అది. నాన్న మగ్గం నేసేవాడు. నేను ఏడో క్లాసులో ఉండగా పోయాడు. మగ్గం అమ్మేశాం. మర్నెల నుంచే అమ్మ షాపువాళ్ల దగ్గర పిండి తెచ్చి, కిలోకింత అని అప్పడాలు ఒత్తడం మొదలెట్టింది.

పిండిలో ఇంగువ, జీలకర్ర, అప్పడాల ఖారం అనే సోడా ఉప్పు వేసి గట్టిగా కలిపి, నూనె చెయ్యి చేసుకుంటూ రోకలితో దంచేది. సాగదీస్తే తెగకుండా రావాలి, అప్పటిదాకా వదిలేది కాదు. తర్వాత దాన్ని తాడులా చేసి, దారం ఒక కొన కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండో కొన చేత్తో పట్టుకుని టక్‌టక్‌మని ముక్కలు కోసేది. ఏ రెండు ముక్కలు తూచినా తేడా ఉండేది కాదు. ఆ వేలి మీద దారం ఒరిసి గీత పడిపోయింది. పారాణి పెట్టినా ఆ గీత కనిపించేది. అన్నట్టు మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి తప్ప అమ్మ ఎప్పుడూ పని మానలేదు. అది కూడా రెండేళ్లకోసారి.

2011లో నేను దుబాయ్ వెళ్లడానికి ఏజెంటుకి కట్టిన డబ్బు ఆ అప్పడాలదీ, తాకట్టుకెళ్లిన తన గాజులదీ. చెప్పిన జీతం ఒకటి, ఇచ్చింది ఒకటి. అది వేరే కథ. మా క్యాంపు సోనాపూర్‌లో అని ఫోన్‌లో చెబితే అమ్మ ఎంత సంతోషపడిందో! “సోనాపూరా? బలంగీర్ దగ్గర ఉంటాదే, అదా? మరి ఇమానం ఎందుకురా?” మా రూమ్‌లో సోంపేటవాడు ఒకడు పడీ పడీ నవ్వాడు.

ప్రతి ఫోన్‌లోనూ ఒకటే ప్రశ్న: “అక్కడ ఎండెలాగుందిరా నాన్నా?” పర్లేదమ్మా అనేవాణ్ణి. నేను చేసేది స్కాఫోల్డింగ్, అంటే పైపులతో పరంజా కట్టే పని. ఇనప పైపు గ్లవ్స్‌లోంచి కూడా కాలుతుంది. తనతో ఆ మాట ఎలా అంటాం?

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఊరికి అదెంతో దూరం కాదు. రెండ్రోజులు ఎవరి ఫోనూ కలవలేదు. టెన్షన్‌తో అన్నం సయించలేదు. మూడోరోజు లైన్ దొరికితే అమ్మ మొదటి మాట, “పిండి తడిసిపోయిందిరా, షాపువాళ్లకి ఏటి చెప్పాలో.” ఇంటి రేకులు ఎగిరిపోయిన సంగతి చెల్లి చెప్పింది.

2021 మేలో అమ్మ పోయింది. గుండె. కరోనా రెండో వేవ్ నడుస్తోంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లని ఏప్రిల్ చివర్లోనే ఆపేశారు. అంటే వెళ్లడానికి విమానం ఉంది, తిరిగి రావడానికి లేదు. ఫోర్‌మన్ “వెళ్తానంటే వెళ్లు, ఉద్యోగం మాత్రం నా చేతిలో లేదు” అన్నాడు. ఇంటి అప్పు సగం మిగిలుంది. నేను వెళ్లలేదు. తమ్ముడు తలకొరివి పెట్టాడు, నేను బాత్రూమ్‌ల వెనక గోడ పక్కన నిలబడి వీడియో కాల్‌లో చూశాను. నేనే అడిగితే అమ్మ రావద్దనే అనేదని అందరూ అన్నారు. అనేది కూడా. అయినా ఆ మాట నాకు ఇంకా మింగుడుపడదు.

ఇప్పుడు ఆ పని చెల్లి చేస్తోంది. మొన్న జూన్‌లో ఫోటో పంపింది. అప్పడాలన్నీ పడవల్లా అంచులు లేచి ఉన్నాయి. షాపువాళ్లు వెనక్కి పంపేశారట. షెడ్డులో పడుకునే ఫోన్ చేశాను.

“ఎండ ముదరకముందే లోపలికి లాగేయాలే” అన్నాను.

చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

“అక్కడ ఎండెలాగుంది అన్నా?”