త్బిలిసీ లిఫ్టులో చిల్లర

జార్జియా రాజధాని త్బిలిసీలో పాత సోవియట్ అపార్ట్‌మెంట్‌కి వెళ్తుంటే ముందు జేబులో చిల్లర చూసుకోవాలి. పది, ఇరవై తెత్రీల బిళ్లలుండాలి. నూరు తెత్రీలైతే ఒక లారీ. అక్కడి డబ్బు పేరే అది, మన రోడ్డు మీది లారీ కాదు.

మెడికల్ యూనివర్సిటీ మెట్రో స్టేషన్ దగ్గర, మన తెలుగు పిల్లలు అద్దెకుండే వీధుల్లో, చాలా లిఫ్టుల్లో గోడకి బిగించిన ఇనప పెట్టె చూశాను. సందులో బిళ్ల వేస్తేనే మీటలు పనిచేస్తాయి. పైకెళ్లడానికే డబ్బు, దిగడం సాధారణంగా ఉచితం. పెద్ద బిళ్ల వేస్తే చిల్లర రాదు. కరెంటు పోతే మెట్లే గతి.

ఇదంతా ఎందుకంటే, 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఫ్లాట్లు అందులో ఉంటున్నవాళ్ల సొంతమయ్యాయి. పైకప్పు, మెట్లు, లిఫ్టు మాత్రం ఎవరివీ కాకుండా పోయాయి. ఆ తర్వాత కరెంటు లేదు, జీతాల్లేవు. నెలనెలా చందా వసూలు చేద్దామంటే కింది అంతస్తువాళ్లు ‘మేం లిఫ్టెక్కం కదా’ అంటారు. వసూలు చేసేవాడు తినేస్తాడని మిగతావాళ్ల అనుమానం. మన దగ్గరా ఈ మాటలు కొత్త కాదు. పెట్టె ఉంటే ఎక్కినవాడే కడతాడు, పద్దు అడిగే పని లేదు. అయినా పెట్టె తాళం ఎవరి దగ్గరుండాలన్న తగువు మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ఫ్లాట్లవాళ్ల సంఘాన్ని ‘అంఖనగోబా’ అంటారు. ‘అంఖనగీ’ అంటే కామ్రేడ్. పార్టీ పోయింది, మాట మాత్రం మెయింటెనెన్స్ లెక్కల్లో బతికింది. మరమ్మతు ఖర్చులో నగరపాలక సంస్థ కొంత భరిస్తుంది, కానీ మిగతా వాటా సంఘం వేసుకోవాలి. అక్కడే పని ఆగుతుంది.

దీన్ని బట్టి వాళ్లకి ఇరుగుపొరుగు పట్టదనుకుంటే పొరపాటే. మెట్ల మీద మాడిన బల్బు ఎవరూ మార్చరు. అదే మెట్ల పక్కన తలుపు తీస్తే సుప్రా విందు: విందు నడిపే పెద్ద, తమదా, లేచి చనిపోయినవాళ్లకీ, పిల్లలకీ, అతిథికీ పేరుపేరునా గ్లాసెత్తుతాడు. మనిషిని నమ్ముతారు, పద్దుని నమ్మరు. లంచాలకి పేరుపడ్డ ట్రాఫిక్ పోలీసు విభాగాన్ని 2004లో ఒక్కసారిగా రద్దు చేసి, తర్వాత స్టేషన్లకి అద్దాల గోడలు పెట్టింది కూడా ఈ అపనమ్మకం పోగొట్టడానికే.

త్బిలిసీలోనే నుత్సుబీద్జే అనే పేట కొండవాలులో మూడు టవర్లని గాలిలో వంతెనలతో కలిపారు. పై వీధులవాళ్లకి అదే అడ్డదారి. ఆ లిఫ్టెక్కాలన్నా చిల్లర తీయాల్సిందే.