సెంట్రల్ నుంచి మైలాపూరుకి మూడు వందలు

మద్రాసులో ఆటోవాడితో బేరమాడి గెలిచిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నేనూ గెలవలేదు. కాకపోతే ఈసారి పోయిన డబ్బుకి ఒక పాట దొరికింది, అందుకని రాస్తున్నాను.

వెళ్ళింది మేనల్లుడి పెళ్ళికి, అంబత్తూరు. పెళ్ళి బాగా జరిగింది, భోజనాలు బాగున్నాయి, ఉక్కకి పట్టుపంచె ఒంటికి అతుక్కుపోయింది. అంతకంటే చెప్పడానికేం లేదు, రిసెప్షన్ సంగతి తప్ప. డీజే కుర్రాడు వరసగా నాలుగు తమిళ పాటలు వేసి, ఉన్నట్టుండి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అందుకున్నాడు. పెళ్ళికొడుకు ఫ్రెండ్సంతా కుర్చీలు తోసుకుంటూ స్టేజీ ముందుకొచ్చేశారు. సగం మంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, తెలుగు చదవడం రాదు.

మాది శ్రీకాకుళం వైపు. వంగపండు ప్రసాదరావు ఆ పాట కట్టింది మా జిల్లా గిరిజనుల తిరుగుబాటు మీద. నా చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా అది గొంతెత్తి పాడితే మా నాన్న లేచి వీధి తలుపు వేసొచ్చేవాడు. ఇక్కడేమో రంగు లైట్లు, పొగ మిషను. కోపం వచ్చిందా అంటే వచ్చింది. కాసేపటికి మా ఆవిడ మోచేత్తో పొడిచి కిందికి చూపించింది, నా కాలు కూడా ఆడుతోంది. పార్వతీపురం దగ్గర పుట్టి, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు పని చేసి, కాలికి గజ్జెలు కట్టుకుని ఎగిరి పాడిన మనిషి పాట అది. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు మా ఊళ్ళో కరోనా భయానికి నలుగురు కలిసి కూర్చోలేకపోయాం. ఇన్నాళ్ళకి ఎక్కడో అంబత్తూరులో, ఏసీ హాల్లో, ఆయన పాటకి జనంలో కూర్చున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దోమల వల్ల అని అందరికీ చెప్పాను కానీ, బుర్రలో ఇంకో పాట తిరుగుతోంది. అదీ మా వైపుదే. నరసన్నపేట దగ్గర గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ పాట, ‘మాకొద్దీ తెల్లదొరతనము’. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన దాన్ని ఊరూరా పాడుకుంటూ తిరిగాడు. ఏడాది జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్ళీ అదే పాడాడు, ఈసారి రెండున్నరేళ్ళు వేశారు. కలెక్టరు దొర ఆయన్ని పిలిపించి పాడించుకుని, నాకు తెలుగు రాదుగానీ ఈ పాట జనాన్ని ఎంత రెచ్చగొడుతుందో అర్థమవుతోంది అన్నాడని చెబుతారు. మా తాత ఆ సంగతి చెప్పినప్పుడల్లా దొర మొహం పెట్టి చూపించేవాడు. ఆయన దొరని ఎప్పుడూ చూడలేదు, మా ఊరి మునసబుని చూసి పట్టిన మొహం అది.

అంత పాట కట్టిన గరిమెళ్ల చివరి రోజులు గడిచింది మద్రాసులోనే. పత్రికల్లో పని చేశాడు, అనువాదాలు చేశాడు, ఏదీ నిలవలేదు. తిండికి కూడా జరగని పేదరికంలో పోయాడు.

రైలు రాత్రికి. పగలంతా ఖాళీ. మా ఆవిడ టీ నగర్‌లో చీరల మీదికి పోయింది, నేను మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం చూసొస్తానన్నాను. అంబత్తూరు నుంచి సెంట్రల్‌కి లోకల్ టికెట్టు కప్పు టీ కన్నా చవక. అక్కణ్ణుంచి మైలాపూరు ఆరేడు కిలోమీటర్లు, ఆటో అతను మూడు వందల యాభై అన్నాడు. మీటరు వైపు వేలు చూపించాను. అదేదో దేవుడి పటమైనట్టు ఒకసారి దాన్ని భక్తిగా చూసి, మూడొందల ముప్పై అన్నాడు. నా వచ్చీరాని తమిళం అయిపోయి, “చాలా అన్యాయమయ్యా” అని తెలుగులో గొణిగాను.

“ఏమి సార్, ఆంధ్రానా? మొదలే సెప్పుంటే తెలుగులోనే మాట్లాడుందును కదా.”

“అయితే రెండొందలు తీసుకో.”

“రేటుకి భాష లేదు సార్.”

రెండొందల యాభైకి కుదిరింది. మనిషికి నలభై ఉంటాయి. తాత కాలంలో నెల్లూరు పక్కనుంచి వచ్చేశారట. “ఇంట్లో తెలుగే సార్, సదివేదానికే రాదు.”

రాయపేట దగ్గర ఆగిపోయాం. మెట్రో పనులు, రోడ్డు మధ్యలో రేకులు కట్టేశారు, బస్సుకీ బస్సుకీ మధ్య మా ఆటో. ఇంజను కట్టేశాడు. ఇదే ఊళ్ళో క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో, ట్రాములో పోతూ నండూరి సుబ్బారావు కూనిరాగం తీస్తుంటే మొదటి ఎంకి పాట పుట్టిందంటారు. ట్రాములు 1953లో ఆగిపోయాయి. ఈ ట్రాఫిక్‌లో అయితే ఎంకి, నాయుడుబావ, వాళ్ళ పిల్లలు కూడా పుట్టేవాళ్ళు. చెమట తుడుచుకుంటూ నేనూ ఏదో కూనిరాగం తీస్తున్నానని నాకే తెలీదు. అతను వెనక్కి తిరిగాడు.

“సార్, అది మా అవ్వ పాట.”

“మీ అవ్వ పాటేంటి?”

“అవును సార్. మాకొద్దీ రేషను బియ్యమూ అని పాడతా ఉండె. పురుగులుండే బియ్యం, రాళ్ళుండే బియ్యం అని వరసగా అంతా తిట్టతది. చేటలో బియ్యం పోసుకుని చెరగతా, ఇట్ల.”

చెరగడం చేత్తో చూపించాడు. బొటనవేలితో చేట అంచు పట్టుకుని ఎగరేసి, దించేటప్పుడు మిగతా వేళ్ళతో అడుగున తట్టడం. ఆ తట్టు ‘కొద్దీ’ దగ్గర పడాలట. చేట లేదు కాబట్టి మీటరు డబ్బా మీద కొట్టాడు. ఆ రోజుకి మీటరు పనికొచ్చింది దానికొక్కదానికే.

నేను మా తాత పాడినట్టు పాడాను. మా తాత ‘మాకొద్దీ’ని టక్కున తుంచేసి, తరవాత ‘దేవా’ దగ్గర ఊపిరున్నంతసేపూ లాగేవాడు.

“అట్ల కాదు సార్,” అన్నాడు. తప్పు పాడుతున్న పిల్లాణ్ణి దిద్దినట్టు. “దేవా లేదు అందులో. మా అవ్వ ‘మాకొద్దీ’ దగ్గరే లాగతది. బియ్యం అనేది కసురుకున్నట్టు అనేస్తది.”

ఆ పాట తెల్లవాళ్ళ మీద కట్టిందని అతనికి తెలీదు. ఇన్నేళ్ళూ వాళ్ళవ్వే కట్టిందనుకున్నాడు. నేను చెబితే కొంచెం డీలా పడ్డాడు కూడా. చెప్పకుండా ఉండాల్సిందేమో. మా ఇంట్లో మాత్రం? వరసగా మూడో రోజు ఉప్మా పెడితే, ‘మాకొద్దీ ఉప్మా’ అని పళ్ళేల మీద గరిటెలు వాయించేవాళ్ళం పిల్లలందరం. మా తాత కోప్పడకపోగా వరస తప్పితే సరిచేసేవాడు. మామూలు మాటలు, అందరికీ నోరు తిరిగే వరస. ‘మాకొద్దీ’ అన్నాక కాస్త ఖాళీ ఉంటుంది, ఎవరి బాధ వాళ్ళు అక్కడ పెట్టుకోవచ్చు. గరిమెళ్ల పాట ఊళ్ళల్లో మోగుతున్న రోజుల్లోనే కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని తిప్పి పాడాడు. తెల్లదొర పోతే మాల మాదిగలకు ఒరిగేదేమిటి, మన దొరల సంగతేమిటి అని అడిగాడు. అది వెక్కిరింపు పాట కాదు. అదే వరసలో, అసలు పాటని నిలదీసిన పాట.

“ఆ గరిమెళ్ల ఈ ఊర్లోనే పోయినాడు,” అన్నాను.

“ఏ ఏరియా సార్?”

ఆటోవాళ్ళకి ప్రతి మనిషీ ఒక ఏరియానే. నేను జవాబు చెప్పేలోపు వెనక బస్సువాడు హారన్ అందుకున్నాడు. ఇంకోసారి పాడమని ఫోను రికార్డింగులో పెట్టి ముందుకి చాపాను. ఇంజను వేసి, గేరు మారుస్తూ, పాడాడు.

దిగేటప్పుడు మూడొందలిచ్చాను. చిల్లర లేదన్నాడు.

స్మారక భవనం చల్లగా ఉంది. 1952 అక్టోబరు 19న ఈ ఇంట్లో దీక్షకి కూర్చున్న మనిషి డిసెంబరు 15 రాత్రి పోయాడు. పటం ముందు నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. గరిమెళ్ల పోయింది అదే డిసెంబరు 18న. మూడు రోజుల తేడా. ఆంధ్ర దేశమంతా తగలబడుతోంది, రైళ్ళు ఆగిపోయాయి, 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నాడు. ఆ మధ్యలో ఇదే ఊళ్ళో, పాతికముప్పై ఏళ్ళ కిందట రాష్ట్రమంతా పాడుకున్న పాట కట్టినవాడు పోతే, ఎవరు మాత్రం తల తిప్పి చూస్తారు? పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయనతో, గరిమెళ్ల గారు కూడా ఆ వారంలోనే పోయారండీ అన్నాను. “ఎవరూ, అన్నమయ్య కీర్తనలు పాడే గరిమెళ్ల గారా?” అన్నారాయన. కాదండీ అని, ఇంకేం చెప్పలేక, బయటికొచ్చి ఇడ్లీ తిన్నాను. రెండిడ్లీ, ఒక వడ, కాఫీ కలిపి నూట ఇరవై. సాంబారు బ్రహ్మాండం. అల్లప్పచ్చడి లేకుండా ఇడ్లీ పెట్టడం ఏం పద్ధతో ఈ ఊరికి.

రాత్రి రైలు గూడూరు దాటాక పై బెర్తులో పడుకుని రికార్డింగు విన్నాను. ఒకటే ‘మాకొద్దీ’ వినపడుతోంది, బాగా పొడుగ్గా లాగింది. తరవాతంతా బస్సు హారన్ను, మెట్రో వాళ్ళ డ్రిల్లింగు, చివర్లో మళ్ళీ అతని గొంతు, “లెఫ్టా సార్?” అని. మూడు సార్లు పెట్టుకున్నాను.

“ఏంటది, ఎవరితోనో బేరమాడుతున్నట్టుంది?” అంది కింది బెర్తు నుంచి మా ఆవిడ.

“ఆటోవాడు,” అన్నాను.

“ఎంతిచ్చారేంటి?”

రెండొందలని చెప్పాను.