నిమిషాల చోట నెల వచ్చి కూర్చుంది

ఒరాకిల్ డేటాబేస్‌లో ఒక రిపోర్ట్ కోసం క్వెరీ (డేటా అడిగే ఆదేశం) రాశాను. తేదీ బాగానే ఉంది, టైమ్ కూడా చూడ్డానికి బాగానే ఉంది: 09:07, 11:07, 02:07. కిందికి స్క్రోల్ చేస్తూ పోతుంటే అనుమానం వచ్చింది, ప్రతి ఎంట్రీ సరిగ్గా ఏడో నిమిషంలోనే ఎలా పడుతుంది? అది జూలై నెల. తేదీని టెక్స్ట్‌గా మార్చే టు_చార్ ఫంక్షన్‌లో గంటల పక్కన ఎమ్ఐ అని రాయాల్సింది ఎమ్ఎమ్ అని రాశాను. ఎమ్ఎమ్ అంటే నెల, అడిగిందే ఇచ్చింది డేటాబేస్. ఎర్రర్ రాదు, అదే అసలు ప్రమాదం. పైగా గంటలకి వాడే హెచ్‌హెచ్ పక్కన 24 పెట్టలేదు, దాంతో ఆ 02 అర్ధరాత్రి దాటాకో మధ్యాహ్నమో తెలిసే దారే లేదు.

ఈ అక్షరాలు ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ డేట్_ఫార్మాట్‌లో నిమిషాలకి పర్సెంట్ గుర్తు పక్కన చిన్న ఐ. అక్కడ పెద్ద ఎమ్ పెడితే నెల పేరు వస్తుంది, అదే ఎస్‌క్యూలైట్‌లో పెద్ద ఎమ్ అంటే నిమిషాలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫార్మాట్ ఫంక్షన్‌లో మాత్రం నిమిషాలకి చిన్న ఎమ్‌లు, నెలకి పెద్దవి. పాత క్వెరీ నుంచి కాపీ కొట్టే ముందు ఒక్కసారి డాక్యుమెంటేషన్ చూడండి, ప్లీజ్.

ఇంకోటి, నన్ను బాగా టెన్షన్ పెట్టింది సార్టింగ్. ఫార్మాట్ చేశాక అది తేదీ కాదు, ఉత్త టెక్స్ట్. అందుకే 31/07/2024 కంటే ముందు 01/08/2024 వచ్చేస్తుంది. ఫార్మాట్ చేసిన కాలమ్‌కి అసలు కాలమ్ పేరే ఏలియాస్‌గా (మారుపేరుగా) పెడితే, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ సార్టింగ్ చెప్పే ఆర్డర్ బైలో ఆ ఏలియాస్‌నే తీసుకుని టెక్స్ట్‌గానే సార్ట్ చేస్తాయి. వేరే పేరు పెట్టండి, లేదా ఆర్డర్ బైలో కాలమ్ ముందు టేబుల్ పేరు రాయండి. ఏ ఎంట్రీలు కావాలో చెప్పే వేర్ కండిషన్‌లో అయితే ఫార్మాట్ చేసి పోల్చొద్దు, ఆ కాలమ్ మీద మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) ఉన్నా పనికిరాకుండా పోతుంది. అసలు నన్నడిగితే క్వెరీ తేదీని తేదీగానే ఇవ్వాలి, అందంగా చూపించే పని స్క్రీన్ దగ్గర చేసుకోవాలి. ఫైల్‌గా పంపక తప్పకపోతే సంవత్సరం-నెల-రోజు వరసే మేలు, టెక్స్ట్‌గా సార్ట్ చేసినా వరస చెడదు.

ఇప్పుడు ఏ ఫార్మాట్ రాసినా ముందు 2024-01-25 17:48:09 మీద నడిపి చూస్తాను. 25 నెల కాలేదు, 17 కనిపించకపోతే 24 గంటల పద్ధతి లేనట్టే, 48 ఉండాల్సిన చోట 01 వస్తే తప్పెక్కడో వెంటనే తెలిసిపోతుంది.