కలౌ పారాశరాః స్మృతాః

శ్రావణ శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లో పనంతా మేనత్త చేతిమీదే నడిచేది. శనగలు నానబోయడం, పూర్ణం ఉడికించడం, ఆకులూ వక్కలూ లెక్కపెట్టి తాంబూలాలు సర్దడం అన్నీ ఆవిడే. పేరంటాళ్లు గుమ్మంలోకి రాగానే మాత్రం పెరటి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. మామయ్య పోయేనాటికి ఆవిడకు ముప్పై నాలుగేళ్లు. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. ఉండమనీ చెప్పలేదు.

"శాస్త్రం అమ్మా" అనేవారు పెద్దవాళ్లు. ఏ శాస్త్రమో చూద్దామని పరాశర స్మృతి తెరిస్తే, మొదటి అధ్యాయంలోనే ఈ శ్లోకం కనబడింది.

కృతే తు మానవా ధర్మాః త్రేతాయాం గౌతమాః స్మృతాః
ద్వాపరే శంఖలిఖితాః కలౌ పారాశరాః స్మృతాః

కృతయుగానికి మనువు ధర్మాలు, త్రేతకు గౌతముడివి, ద్వాపరానికి శంఖలిఖితులవి, కలియుగానికి పరాశరుడివి. ఎంత ధైర్యమైన మాట! ఇదివరకటి ఋషుల మీద గౌరవం తగ్గకుండానే, మీ కాలానికి ఇది కావాలి అంటోంది. గవాలంభం అంటే యజ్ఞంలో గోవును బలివ్వడం, మరిది వల్ల సంతానం పొందడం ఒకప్పుడు శాస్త్రం ఒప్పుకున్నవే. తర్వాతి పండితులు వాటిని కలివర్జ్యాలని, అంటే కలియుగంలో వదిలేయాల్సినవని, పక్కన పెట్టారు. వైదిక ధర్మం ఏమీ ఆగిపోలేదు.

ఇదే స్మృతి నాలుగో అధ్యాయంలో ఇంకో శ్లోకం ఉంది. "నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ, పంచస్వాపత్సు నారీణాం పతిరన్యో విధీయతే." భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్న్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త విహితమే అని. ఆ వెంటనే వచ్చే శ్లోకాలు బ్రహ్మచర్యంతో ఉండిపోయే వితంతువునూ, సహగమనాన్నీ పొగుడుతాయి. అదీ దాచకూడదు. విజయనగర కాలంలో దీనికి వ్యాఖ్యానం రాసిన మాధవాచార్యులు, ఈ పునర్వివాహం వేరే యుగానికి సంబంధించినదని తేల్చేశారు. తెరిచిన తలుపు మళ్లీ మూసుకుంది.

ఆ తలుపు తట్టినవాడు బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. కలియుగం కోసమే చెప్పిన గ్రంథంలోని మాట మరో యుగానిది ఎలా అవుతుందని వాదించాడు. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. కానీ చట్టం వచ్చినంత మాత్రాన పెళ్లి జరగదు కదా. మన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఊరు వెలివేసినంత పని చేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వండి వడ్డించారు. శ్లోకానికి అర్థం చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ తల్లి మోసిన బిందే అసలైన వ్యాఖ్యానం అనిపిస్తుంది.

నేను వ్రతం మానలేదు, మానను కూడా. కానీ రెండేళ్ల కిందటి శుక్రవారం అమ్మ చేసిన పని చెప్పాలి. పేరంటాళ్లు కూర్చున్నాక అమ్మ కుంకుమ భరిణె తీసుకుని పెరటి గదిలోకి వెళ్లింది. అత్తయ్య తల వెనక్కి తీసుకుంది. "వద్దు వదినా, ఎవరైనా చూస్తే బాగుండదు."

"పుట్టినప్పటి నుంచీ పెట్టుకున్న బొట్టే కదే, రా."

చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. గదిలో ఒక్క గాజుల చప్పుడు లేదు. పెద్దావిడ ఒకరు లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయారు. బొట్టు పెట్టి, కాళ్లకు పసుపు రాసి, కొంగులో శనగలు పోసింది అమ్మ.

"ఇస్తినమ్మ వాయనం."

అత్తయ్యకు గొంతు పెగలడానికి కాస్త టైమ్ పట్టింది. పదకొండేళ్లయింది మరి, ఆ మాట అని.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"నా వాయనం అందుకున్నది ఎవరు?"

కొంగులోంచి రెండు శనగలు జారి నేల మీద పడ్డాయి. ఆవిడ చూసుకోలేదు.

"నేనే తల్లీ, వరలక్ష్మిని."