చిన్నతాతయ్య లాగ్‌బుక్

మా చిన్నతాతయ్య యుద్ధం రోజుల్లో ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారని ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడ నేర్చుకున్నారు, ఏ విమానం నడిపారు అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళి అటక మీది ట్రంకుపెట్టె దించితే, పాత పంచెల అడుగున గుడ్డ అట్ట వేసిన పుస్తకం కనిపించింది. పైలట్ లాగ్‌బుక్, అంటే విమానం ఎక్కిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం. అంచులు చెదలు తినేశాయి కానీ రాత చెదరలేదు.

మొదటి పేజీలోనే ఆగిపోయాను. 1943, బేగంపేట, టైగర్‌మాత్! మన బేగంపేటే. యుద్ధకాలంలో కొత్త పైలట్లకు ఓనమాలు నేర్పిన నంబర్ 1 ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ అక్కడే ఉండేది. ఇక టైగర్‌మాత్ అంటే ఆ నేర్చుకునే విమానం: రెండు రెక్కల వరసలు, కర్రకీ లోహానికీ గుడ్డ తొడిగిన ఒళ్ళు, పైన కప్పు లేదు, బ్రేకులు లేవు. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు, ఇద్దరి మధ్యా మాటలు ఒక గొట్టంలోంచి. అంత తేలికైన విమానాన్ని గాలికి ఎదురుగానే లేపాలి, ఎదురుగానే దించాలి, అందుకే గాలి ఎటు వీస్తోందో చూడటం మొదటి రోజు నుంచే అలవాటు చేస్తారు.

పుస్తకంలో 'పైలట్' అనే గడి ఉంది. పేజీ పొడవునా అందులో ఇన్‌స్ట్రక్టర్ పేరే, చిన్నతాతయ్య పేరు పక్క గడిలో. ఒక్క వరసలో మాత్రం ఆ పేరు లేదు, 'సెల్ఫ్' అని ఉంది. పది నిమిషాలు, ఒంటరిగా. ఆ మాట రాసేటప్పుడు కలం గట్టిగా నొక్కారేమో, కాగితం వెనక్కి తిప్పి తడిమితే అక్షరాలు వేలికి తగిలాయి. నాకు కళ్ళు చెమర్చాయి.

తర్వాతి పేజీలు అంబాలావి, హార్వర్డ్ విమానాలు. అక్కడి సర్వీస్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్లో రెండో దశ.

మీ ఇంట్లోనూ ఇలాంటి వాళ్ళుంటే ముందు సర్వీస్ నంబర్ వెతకండి, ఒకే పేరున్నవాళ్ళు చాలామంది ఉంటారు. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో స్క్వాడ్రన్ల రికార్డులు 'ఎయిర్ 27' వరసలో, ట్రైనింగ్ యూనిట్లవి 'ఎయిర్ 29'లో ఉంటాయి. ఇంకో మాట, 'రాయల్' అన్న బిరుదు మన ఎయిర్‌ఫోర్స్‌కి వచ్చింది 1945 మార్చిలో, అంతకుముందు కాగితాల్లో ఉత్త 'ఇండియన్ ఎయిర్‌ఫోర్స్' అనే ఉంటుంది.

ఇదంతా పిన్నికి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత 1996లో అన్నయ్య అమెరికా వెళ్ళిన రోజు గుర్తుచేసింది. అందరం బేగంపేట ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాం, మేం లోపల ఏడుపుల్లో ఉంటే చిన్నతాతయ్య ఒక్కరే బయట నిలబడిపోయారట. పిలవడానికి వెళ్తే, ఆకాశం వైపు చూస్తూనే పిన్నితో అన్నారట, "పడమటి గాలే అమ్మా, వాడి విమానం అటే లేస్తుంది."