పది రూపాయల నిప్పల్, మూడుసార్లు మిర్యాలగూడ

నిన్న పొద్దుగూకే వేళకు మా ట్రాక్టర్ ఎడమ కింగ్ పిన్నులోకి, అంటే ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన పిన్నులోకి, గ్రీజు ఎక్కింది. గ్రీజు లోపలికి పోయే చిన్న మర మూతినే నిప్పల్ అంటారు, గొడవంతా దానితోనే. ఇంత చిన్న పనికి 11 రోజులు పట్టింది. మిర్యాలగూడకు మూడుసార్లు తిరిగాను, ఒక మంచి చొక్కా పోయింది. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా ఉంది, కోపమూ ఉంది. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది హాలియా దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాల్వ కింద పొలం. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, బాగా పాతది. కరిగెట (నాటుకు ముందు మడిని బురదగా దున్నడం) చేసే రోజుల్లో ముందు ఇరుసు పొద్దంతా బురదలోనే ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో ఏ రోజుకారోజు గ్రీజు పెట్టుకోవాలి. నేనేమో వాటర్ సర్వీసింగ్ వాళ్లను నమ్మాను. వాళ్లు కంటికి కనబడే నాలుగుచోట్ల టకటకా కొట్టి, లోపలివి వదిలేసి "అయిపోయిందన్నా" అనేవాళ్లు. పోయిన యాసంగిలో స్టీరింగ్ బిగిసిపోతే విప్పించి చూశాం. పిన్ను చుట్టూ ఉండే బుష్ ఎండిపోయి ఉంది, పిన్ను మీద గోళ్లతో గీరినట్టు చారలు. ఆ రిపేరు ఖర్చుతో గ్రీజు గన్నులు అరడజను కొనొచ్చు. ఇక ఎవరినీ నమ్మేది లేదనుకున్నా.

గన్ను కొనడం కష్టమేం కాదు. తుపాకీలా ఒక చేత్తో నొక్కేది ఒకటి, పొడుగు హ్యాండిల్‌ది ఒకటి. ఒక చేత్తో నొక్కేది ట్రాలీ కింద దూరినప్పుడు సుఖమే గానీ, మొండికేసిన జాయింటు దగ్గర దాని బలం చాలదు. నేను హ్యాండిల్‌దే తీసుకున్నా. దానితో వచ్చే ఇనప పైపు మాత్రం పక్కన పడేయండి. ఒక చెయ్యి గన్ను పట్టుకోవడానికి, ఒకటి హ్యాండిల్ కొట్టడానికి, ఇంకొకటి మూతిని నిప్పల్ మీద ఒత్తి పట్టడానికి, మొత్తం మూడు చేతులు కావాలి. అడుగు పొడుగు రబ్బరు పైపు, కొసకు లాక్ కప్లర్ వేయించుకుంటే అదే నిప్పల్‌ను కరుచుకుని ఉంటుంది. గన్ను రేటుకు సగం పైన ఆ కప్లర్‌కే అయింది. అయినా బాధ లేదు.

గ్రీజు విషయంలో షాపుల్లో ఏపీ3 డబ్బా చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ అంకె గ్రీజు గట్టిదనానికి గుర్తు. 3 గట్టిది, చక్రాల బేరింగులకు బాగుంటుంది. కింగ్ పిన్నులకు, దున్నే రోటవేటర్ షాఫ్టు కీళ్లకు (క్రాసులు) ఈపీ2 అడగండి. కొంచెం మెత్తన, బరువుకు ఆగుతుంది, చలికాలం పొద్దున కూడా గన్నులోంచి కదులుతుంది.

కొత్త గన్ను నింపి కొడితే మొదట గ్రీజు రాదు. గన్ను పాడైందనుకోకండి, లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది. తల భాగాన్ని రెండు చుట్లు వదులు చేసి, వెనక కడ్డీని గాడిలోంచి వదిలి, పది దెబ్బలు కొట్టి మళ్లీ బిగిస్తే సరి. కడ్డీని గాడిలోనే ఉంచి అరగంట కొట్టిన మహానుభావుడు ఎవరో చెప్పను.

అసలు కథ ఎడమ కింగ్ పిన్ను దగ్గర మొదలైంది. ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోదు, కప్లర్ చుట్టూ పురుగుల్లా బయటికి వస్తోంది. చీల మొనతో నిప్పల్ గుండును నొక్కి చూశా. లోపలికి దిగి మళ్లీ పైకి రావాలి, కదల్లేదు. సరే నిప్పల్ పోయిందని విప్పాను. విప్పి, "ఇక దీంతో ఏం పని" అని పొలంలోకి విసిరేశాను. నా బతుకులో ఇంత ఖరీదైన విసురు ఇంకోటి లేదు.

స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. నా వంతు వచ్చింది.

"నిప్పల్ గావాలె."

"ఏ సైజు? ఆరా, ఎనిమిదా, పదా?"

"ట్రాక్టర్‌ది."

"నిటారుదా, వంపుదా?"

"ట్రాక్టర్ ముందు చక్రానిది తమ్మీ."

ఆ పిల్లగాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. పక్కవాళ్లకు వినబడేలా, "అన్నా, ట్రాక్టర్ పేరు చెప్తే నిప్పల్ పలుకుతదా? అంగట్ల చెప్పులు ఊరి పేరు చెప్పి కొంటవా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఊరి పక్క ఊరాయన ఒకడు మరీ ఎక్కువ నవ్వాడు. పరువు కాపాడుకోవడానికి గట్టిగా "ఆరు" అన్నాను. ఎందుకు ఆరన్నానో నాకే తెలియదు.

ఇంటికొచ్చి పెడితే ఆరు ఎక్కింది. ఎక్కింది గానీ కొంచెం ఊగింది. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. నల్లాలకు పనికొచ్చేది దీనికి పనికిరాదా అని నా తెలివి. మా నాయిన, ఇద్దరు పాలోళ్లు చూస్తుండగా, "ఇగ జూడుండ్రి" అని హ్యాండిల్ కొట్టాను. ఐదో దెబ్బకో ఆరో దెబ్బకో టప్పుమని నిప్పల్ ఊడి మడ్‌గార్డుకు తగిలింది. దాని వెనకే గ్రీజు పిచికారీలా నా చొక్కా మీద. మా నాయిన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది.

ఒక మాట మాత్రం సీరియస్‌గా తీసుకోండి. చేతి గన్నులో కూడా ఒత్తిడి వేల పీఎస్ఐలలో ఉంటుంది. పగిలిన పైపుకు వేలు అడ్డం పెడితే గ్రీజు చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అలా జరిగితే ఇంట్లో పసుపు పెట్టుకుని కూర్చోకుండా వెంటనే పెద్ద ఆస్పత్రికి పోవాలి, ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. నాకు చొక్కాతో పోయింది.

రెండోసారి పోయి ఎనిమిది తెచ్చాను. అది అసలు మూతి దగ్గరే ఆగిపోయింది. పానా తీసుకుని బలవంతంగా తిప్పబోతుంటే మా నాయిన ఇక ఆగలేక, "అటుపక్క చక్రానికి గూడ ఉన్నది గద, అది ఇప్పి జేబుల ఏసుకపోరాదుర" అన్నాడు.

బీకాం చదివాను నేను. మా నాయిన వేలిముద్ర మనిషి.

కుడి నిప్పల్ విప్పి జేబులో వేసుకుని, ఈసారి షాపుకు కాకుండా ముందు పాత బస్టాండు వైపు ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పోయాను. భాయ్ దాన్ని వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, వెర్నియర్ కొలబద్ద పెట్టి నాకు చూపించాడు: 6.35 మిల్లీమీటర్లు. "ఇది ఎంఎంది కాదు బేటా, ఇంచుది. పావించు, 28 మరలు." అంటే ఇంచుకు 28 మరలు. మరకూ మరకూ మధ్య దూరం 0.9 మిల్లీమీటర్లు పడుతుంది. ఆరు ఎంఎం నిప్పల్‌కు అదే 1 మిల్లీమీటర్. కంటికి తేడా తెలియదు. అందుకే పావించు కంతలో ఆరు ఎంఎంది వదులుగా ఎక్కి, ఎక్కినట్టే ఎక్కి, ఒత్తిడి పడగానే ఊడుతుంది. పాత బండ్లకు ఇంచు మరలు, కొత్త పనిముట్లకు ఎంఎం మరలు, మా రోటవేటర్‌కు 8 ఎంఎం. ఒకే ఇంటి బండికి, దాని పనిముట్టుకు రెండు లెక్కలు! ఇంకో మాట కూడా చెప్పాడు. కింగ్ పిన్నుకు గ్రీజు పెట్టేటప్పుడు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రం లేపాలట, బరువు మీదుంటే గ్రీజు పోవాల్సిన సందు మూసుకుపోయి ఉంటుందట. చాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు.

అదే షాపుకు పోయి నిప్పల్‌ను కౌంటర్ మీద పెట్టాను. పిల్లగాడు చూసి, వెనక అరలోంచి ఒక డబ్బా తీసి, "ఇంచుదా? ముందే చెప్పొద్దా అన్నా" అన్నాడు. మొదటి రోజు "బండి పాతదా, కొత్తదా" అని ఒక్క ముక్క అడిగితే వాడి సొమ్మేం పోయేది? నవ్వించడానికి మాత్రం నోరుంది.

ఒకటికి పది కొన్నాను. జాకీ ఎత్తి, కొత్తది చేత్తోనే చివరిదాకా తిప్పాను, ఎక్కడా ఊగలేదు. పానాతో పావు చుట్టు బిగించి కొడితే పన్నెండో దెబ్బకు కింద సందులోంచి ముందు నల్లటి నీళ్లు, తర్వాత ఇసుక కలిసిన పాత గ్రీజు, ఆ వెనక కొత్త గ్రీజు వచ్చాయి. మా నాయినను పిలిచి చూపించాను. "ఇంక రెండు గొట్టు" అన్నాడు.

ఇప్పుడు బైండింగ్ వైరుకు మూడు రకాల నిప్పల్స్ గుచ్చి గన్నుకే కట్టి ఉంచాను. పొద్దున ఆ పక్క ఊరాయన, షాపులో ఎక్కువ నవ్వినాయనే, గన్ను అడగడానికి వచ్చాడు. గన్ను ఇచ్చాను. కప్లర్ మాత్రం విప్పి బీరువాలో పెట్టుకున్నాను.